డ్రోన్ కిట్టు వద్దు, విడిభాగాల జాబితా కావాలి

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ఇంజనీరింగ్ కాలేజీలు, పాలిటెక్నిక్‌ల ప్రిన్సిపాళ్లకు, విభాగాధిపతులకు బహిరంగ లేఖ





ఈ ఏడాది కూడా మీ కాలేజీల్లో డ్రోన్ ప్రాజెక్టులకు ఇండెంట్లు పెడతారు. మూడు కొటేషన్లు వస్తాయి, తక్కువ ధర వేసినవాడికి ఆర్డరు వెళ్తుంది, కొన్నాళ్లకు ఒక అట్టపెట్టె దిగుతుంది. అందులో ఎఫ్450 ఫ్రేము, నాలుగు ఏ2212 మోటార్లు, వాటి వేగాన్ని అదుపుచేసే నాలుగు 30 ఆంపియర్ల ఈఎస్‌సీలు, 1045 ప్రొపెల్లర్లు, ఒక ఫ్లైట్ కంట్రోలర్, ఒక రిమోటు, ఒక బ్యాటరీ, ఒక బుల్లి చార్జరు ఉంటాయి. పిల్లలు వీడియో చూస్తూ బిగిస్తారు. ఎగిరితే ఫొటో దిగుతారు, ఎగరకపోతే నాలాంటివాడిని వెతుక్కుంటూ వస్తారు. డ్రోన్లు బిగించడం, బాగుచేయడం నా బతుకుతెరువు. అందుకే మీ పిల్లలతో నాకు పరిచయం ఎక్కువ.

వచ్చినవాళ్లను ముందుగా ఒక ప్రశ్న అడుగుతాను: "ఈ మోటారే ఎందుకు పెట్టార్రా?" తరచుగా వినే జవాబు ఇది: "కిట్టులో అదే వచ్చిందన్నా."

తప్పు పిల్లలది కాదు. ఏ భాగం కొనాలో తేల్చే అవకాశం వాళ్లకు రానేలేదు. బిగించడానికి నట్టులు తిప్పడం, తీగలు అతకడం వస్తే చాలు. ఏ భాగం ఎందుకు, అది పక్కదానితో పొసగుతుందా లేదా అని లెక్క కట్టి తేల్చుకోవడమే ఇందులో అసలు చదువు. కిట్టు కొన్నప్పుడు ఆ చదువు కొటేషన్ వేసినవాడి దగ్గరే ఉండిపోతోంది. కాబట్టి నా విన్నపం ఒక్కటే: ఈసారి కిట్టుకు కాదు, పిల్లలు రాసిన విడిభాగాల జాబితాకు సంతకం పెట్టండి. ఆ జాబితా ఎలా తయారవుతుందో, అందులో ఎంత చదువు ఉందో చెబుతాను.

ముందు ఎలాంటి డ్రోను కావాలో తేలాలి. మొదటిసారి కట్టేవాళ్లకు ముఖ్యంగా మూడు దారులున్నాయి. మొదటిది అరచేతిలో పట్టే బుల్లి డ్రోను. కుర్రాళ్లు దీన్ని హూప్ అంటారు. ముప్పై గ్రాములకు అటూ ఇటూ బరువు, ఒక్క సెల్లు బ్యాటరీ, ప్రొపెల్లర్ల చుట్టూ ప్లాస్టిక్ వలయాలు. క్లాసురూములో ఎగరేసినా, గోడకు గుద్దుకున్నా పెద్దగా నష్టం ఉండదు. రెండోది ఐదంగుళాల ప్రొపెల్లర్ల రేసు డ్రోను. దాని మోటార్లు దాని బరువుకు ఎన్నో రెట్లు లాగుతాయి. స్టిక్కు కాస్త నెడితే చాలు, దూసుకుపోతుంది. కొత్త చేతికి అది ప్రమాదం. మూడోది 450 మిల్లీమీటర్ల ఫ్రేము. ఎదురెదురు మూలల్లోని మోటార్ల మధ్య దూరమే ఆ 450. ఇది నిదానంగా కదులుతుంది, కాస్త బరువు మోస్తుంది, జీపీఎస్ పెట్టుకుంటే గీసిన దారిలో తనంతట తాను వెళ్లి వస్తుంది. నా లెక్కలో ఎగరేయడం నేర్చుకోవడానికి హూప్ మంచిది, ఇంజనీరింగ్ నేర్చుకోవడానికి 450 మంచిది. ఐదంగుళాలది ఆ తర్వాతి ఏడాది సంగతి.

ఇక్కడినుంచి అందరూ మోటారు దగ్గరికి పరుగెత్తుతారు. మొదలుపెట్టాల్సింది బరువు దగ్గర. ఒక తెల్లకాగితం తీసుకుని రాయమనండి. ఎఫ్450 ఫ్రేము సుమారు 280 గ్రాములు. మోటారు ఒక్కొక్కటి 55 చొప్పున నాలుగూ 220. ఈఎస్‌సీలు నాలుగూ 100. ప్రొపెల్లర్లు 50. కంట్రోలర్, జీపీఎస్, పవర్ మాడ్యూల్ కలిపి 100. మూడు సెల్లుల 2200 మిల్లీఆంపియర్‌అవర్ల బ్యాటరీ 180. రిసీవరు, తీగలు, పట్టీలు, కాళ్లు ఇంకో 100. మొత్తం 1,030 గ్రాములు. తయారీని బట్టి అంకెలు కొంచెం మారతాయి, అందుకే వంటింటి కాటా ఒకటి ల్యాబులో ఉంచి ప్రతి భాగాన్నీ తూచి రాయించాలి.

ఇప్పుడు మోటారు మాట. నాలుగు మోటార్లూ కలిసి పూర్తి బలంతో లాగితే, డ్రోను బరువుకు కనీసం రెండింతల థ్రస్ట్, అంటే పైకి లాగే బలం, రావాలన్నది ఈ పనిలో అందరూ పాటించే సూత్రం. కారణం తేలిక. గాలిలో నిలబడ్డ డ్రోను నిజానికి నిలబడి ఉండదు. ఒక పక్క ఒరగబోతుంటే ఆ పక్క మోటార్ల వేగం పెంచి, అవతలి పక్క తగ్గించి, సెకనుకు కొన్ని వందలసార్లు సర్దుకుంటూ ఉంటుంది. బరువు మోయడానికే మోటారు బలమంతా ఖర్చయిపోతే సర్దుకోవడానికి ఏమీ మిగలదు. మన 1,030 గ్రాములకు రెండింతలంటే 2,060 గ్రాములు, మోటారుకు 515. పది అంగుళాల ప్రొపెల్లరుతో, మూడు సెల్లుల బ్యాటరీ మీద, 1000 కేవీ ఏ2212 మోటారు సుమారు 800 గ్రాములు లాగుతుంది. లెక్క సరిపోయింది, ఇంకా చేతిలో కొంత మిగిలింది.

ఈ కాగితం రాయకపోతే ఏమవుతుందో చెప్పడానికి ఒక ఉదాహరణ చాలు. ఫైనల్ ఇయర్‌లో పిల్లలు ఎక్కువగా ఎంచుకునే ప్రాజెక్టు పురుగుమందు కొట్టే డ్రోను. అదే ఎఫ్450కి లీటరు ట్యాంకు, పంపు తగిలిస్తారు. లీటరు నీళ్లు కిలో. ట్యాంకు, పంపు, గొట్టాలు మరో పావుకిలో. మొత్తం 2,280 గ్రాములు. మోటార్లు నాలుగూ కలిసి లాగేది 3,200. అంటే బరువుకు ఒకటిన్నర రెట్లు కూడా లేదు. నేలమీంచి లేస్తుంది, లేచింది కదా అని అందరూ చప్పట్లు కొడతారు. చిన్న గాలి తెర వచ్చి ఒక పక్కకు ఒరగ్గానే సరిచేసుకునే బలం లేక పడిపోతుంది. ట్యాంకులో నీళ్లు అటూ ఇటూ ఊగితే ఇంకా తొందరగా పడిపోతుంది. ఒక కూడిక, ఒక భాగహారం చేసి ఉంటే ప్రాజెక్టు మొదలుపెట్టకముందే తెలిసేది.

మోటారు మీద రాసిన అంకెలు చదవడం కూడా నేర్పాలి. 2212 అంటే లోపలి స్టేటరు వ్యాసం 22 మిల్లీమీటర్లు, ఎత్తు 12. కేవీ అంటే కిలోవోల్టు అనుకునే పిల్లలు చాలామంది ఉన్నారు. ప్రొపెల్లరు లేకుండా ఒక్కో వోల్టుకు మోటారు నిమిషానికి ఎన్ని చుట్లు తిరుగుతుందో ఆ అంకె చెబుతుంది. 1000 కేవీ మోటారుకు 11.1 వోల్టులిస్తే సుమారు 11,100 చుట్లు. ప్రొపెల్లరు మీద 1045 అంటే పది అంగుళాల వ్యాసం, నాలుగున్నర అంగుళాల పిచ్. పెద్ద ప్రొపెల్లరుకు తక్కువ కేవీ, చిన్న ప్రొపెల్లరుకు ఎక్కువ కేవీ అన్నది జత కుదిర్చే పద్ధతి. రేసు డ్రోనుకు వాడే 2300 కేవీ మోటారుకు పది అంగుళాల ప్రొపెల్లరు బిగిస్తే అది తిప్పలేక కరెంటు తాగి మాడిపోతుంది. 1000 కేవీకి ఐదంగుళాలది బిగిస్తే గిర్రున తిరుగుతుంది కానీ లేవదు. "ఎక్కువ కేవీ అంటే ఎక్కువ పవరు" అని అమ్మేవాళ్లు చెప్పే మాట నమ్మకూడదు.

బ్యాటరీ దగ్గర ఇంకో లెక్క ఉంది. పూర్తి బలంతో ఒక్కో మోటారు 15 ఆంపియర్ల దాకా తీసుకుంటే నాలుగూ కలిసి 60. బ్యాటరీ మీద 25సీ అని ఉంటే, 2.2 ఆంపియర్‌అవర్లను 25తో గుణించాలి; 55 ఆంపియర్లు వస్తుంది. చాలదు. 35సీ అయితే 77, సరిపోతుంది. పైగా ఆ సీ అంకెను గొప్పకు పెంచి ముద్రించేవాళ్లు చాలామంది కాబట్టి కొంచెం మార్జిన్ చూసుకోవాల్సిందే. ఈఎస్‌సీ విషయంలోనూ ఇదే తీరు: మోటారు 15 అడిగితే ఈఎస్‌సీ 20కి తగ్గకూడదు, 30 అయితే నిశ్చింత. కొత్తవాళ్లకు నాలుగూ ఒకే బోర్డు మీదున్న ఈఎస్‌సీ కన్నా విడివిడివి నయం. ఒకటి కాలితే ఒకటే మార్చుకోవచ్చు.

ఎంతసేపు ఎగురుతుందన్నదీ కాగితం మీదే తెలుస్తుంది. కిలో డ్రోను నిలకడగా ఉండటానికి సుమారు 13 ఆంపియర్లు తీసుకుంటుందనుకుందాం. బ్యాటరీలో ఎనభై శాతమే వాడాలి, అంటే 1.76 ఆంపియర్‌అవర్లు. దాన్ని 13తో భాగించి అరవైతో గుణిస్తే ఎనిమిది నిమిషాలు. పిల్లలు వెంటనే అంటారు, "అయితే 5000 బ్యాటరీ పెడదాం" అని. అది 400 గ్రాములు తూగుతుంది. బరువు పెరిగితే కావలసిన కరెంటు అంతకన్నా ఎక్కువ నిష్పత్తిలో పెరుగుతుంది. బ్యాటరీ సామర్థ్యం రెండింతలు దాటినా ఎగిరే సమయం పద్నాలుగు నిమిషాలు దాటదు. మీ మెకానికల్ సారు బోర్డు మీద గంటసేపు చెప్పదగ్గ పాఠం ఇది.

కిట్టు చేసే అసలు మోసం ఫ్లైట్ కంట్రోలర్ దగ్గర. చవక కిట్టుల్లో ఇప్పటికీ ఏపీఎం 2.8 బోర్డు పెట్టి పంపుతున్నారు. అది ఎనిమిది బిట్ల చిప్పు మీద నడిచే పాత బోర్డు. డ్రోన్లను నడిపే ఆర్డుపైలట్ సాఫ్ట్‌వేర్ తయారుచేసేవాళ్లు కాప్టర్ 3.2.1 వెర్షన్ తర్వాత దానికి కొత్తవి ఇవ్వడం ఆపేశారు. అంటే పదేళ్లకు పైగా వెనకబడ్డ బోర్డు మీద మీ పిల్లలు ప్రాజెక్టు చేస్తున్నారు. నెట్‌లో దొరికే పాఠాలు దానికి పొసగవు, సందేహం అడిగితే చెప్పేవాళ్లు దొరకరు. ఇప్పటి బోర్డులు 32 బిట్ల చిప్పులవి. ఎఫ్4, ఎఫ్7, హెచ్7 అని వాటి పేర్లు. కొనేముందు రెండే చూడాలి. ఆర్డుపైలట్ మద్దతిచ్చే బోర్డుల జాబితాలో దాని పేరుందా? ఎగిరిన ప్రతిసారీ లాగ్ రాసుకోవడానికి మెమరీ కార్డు స్లాటు ఉందా? లాగ్ ఉన్న డ్రోను పడిపోతే కారణం వెతకొచ్చు. వోల్టేజి పడిందా, ఏ మోటారు ముందు ఆగింది, కుదుపు ఎంత ఉందో గ్రాఫు గీసి చూపిస్తుంది. రేసు డ్రోనులకు వాడే బీటాఫ్లైట్ కూడా మంచిదే కానీ, దారి గీసి పంపే పనులకు ఆర్డుపైలట్ సరైనది. రెండూ ఉచితం, రెండింటి కోడూ ఎవరైనా చదవొచ్చు. సీఎస్ఈ పిల్లల్ని ఈసీఈ పిల్లలతో కూర్చోబెట్టడానికి ఇంతకన్నా మంచి సందర్భం దొరకదు.

డబ్బు ఎక్కడైనా కొంచెం ఎక్కువ పెట్టాలంటే రిమోటు మీద పెట్టండి. ఫ్రేము విరుగుతుంది, మోటారు మాడుతుంది, బ్యాటరీ ఉబ్బుతుంది. రిమోటు మాత్రం ఏళ్ల తరబడి నిలుస్తుంది. ప్రాజెక్టుకు ఒకటి చొప్పున నాసిరకం రిమోట్లు కొనేకన్నా ల్యాబు మొత్తానికి రెండు మంచివి చాలు. యూఎస్‌బీ తీగతో కంప్యూటరుకు తగిలించి సిమ్యులేటరులో సాధన చేసుకోగలిగేది కొనండి. పడేసేదేదో ముందు తెరమీద పడేస్తారు. సిగ్నలు తెగితే డ్రోను ఏం చేయాలో ముందే నిర్ణయించే ఫెయిల్‌సేఫ్ సెట్ చేసి, ప్రొపెల్లర్లు తీసేసి పరీక్షించాకే మైదానానికి వెళ్లనివ్వండి. ఇంకొక హెచ్చరిక. 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండు మన దేశంలో లైసెన్సు లేకుండా వాడుకోవచ్చు. అమెరికా మార్కెట్టు కోసం చేసిన 915 మెగాహెర్ట్జ్ రేడియోలు ఇక్కడ ఆ కోవలోకి రావు. కిట్టులో టెలిమెట్రీ రేడియో ఉంటే దాని మీద అంకె చూశాకే తీసుకోండి.

జాబితాలో సాధారణంగా కనబడనివి, ఉండి తీరాల్సినవి మరికొన్ని ఉన్నాయి. సెల్లులను సమానంగా నింపే మంచి బ్యాలెన్స్ చార్జరు. బ్యాటరీ వోల్టేజి తగ్గితే కీచుమనే చిన్న అలారం. 60 వాట్ల సోల్డరింగ్ ఐరన్, మల్టీమీటరు, ఎక్స్‌టీ60 కనెక్టర్లు. ముందుగా విరిగేది ప్రొపెల్లరే కాబట్టి కనీసం ఆరు జతలు, తర్వాత విరిగే ఫ్రేము చేతులు రెండు. వీటితోపాటు మోటారు సైకిలు బ్రేక్ లైటు బల్బు ఒకటి. మొదటిసారి బ్యాటరీ తగిలించేటప్పుడు ఆ బల్బును ప్లస్ తీగకు సిరీస్‌లో పెట్టాలి. ఎక్కడైనా షార్టు ఉంటే బల్బు భగ్గున వెలిగి డ్రోను బతికిపోతుంది. వైరింగు సరిగ్గా ఉంటే ఒక్కసారి మెరిసి మసకబారుతుంది. నేను ఇప్పటికీ కొత్తగా బిగించినదాన్ని బల్బు లేకుండా ఆన్ చేయను.

లిథియం పాలిమర్ బ్యాటరీ గురించి మాత్రం ల్యాబ్ టెక్నీషియన్లకు ప్రత్యేకంగా చెప్పండి. ఒక్కో సెల్లు నిండితే 4.2 వోల్టులు. ఎగురుతుండగా 3.5కు రాగానే దించేయాలి. దాచి ఉంచేటప్పుడు 3.8 దగ్గర ఉంచాలి. మన కాలేజీల్లో జరిగేదేమిటంటే, ఏప్రిల్ చివర ప్రదర్శన కోసం బ్యాటరీలన్నీ నింపుతారు, వాడగా మిగిలినవి అలాగే బీరువాలో పెట్టి సెలవులకు వెళ్లిపోతారు. మే నెల ఎండకు మూసిన గదిలో నిండు బ్యాటరీలు ఉబ్బుతాయి. ఉబ్బినదాన్ని జూన్‌లో మళ్లీ చార్జింగ్ పెడితే అంటుకోవచ్చు. సెలవులకు ముందు అన్నింటినీ స్టోరేజి వోల్టేజికి దించడం, చార్జింగ్ జరిగేంతసేపూ మనిషి పక్కన ఉండటం, పక్కన ఇసుక బకెట్టు ఉంచడం ల్యాబు గోడ మీద రాయాల్సిన మూడు నియమాలు.

"ఇదంతా చేస్తే చట్టం ఒప్పుకుంటుందా?" అని మీలో కొందరు సందేహిస్తారు. 2021 ఆగస్టులో వచ్చిన డ్రోన్ నిబంధనల్లో జవాబుంది. 250 గ్రాముల లోపు నానో, 2 కిలోల దాకా మైక్రో, అక్కడినుంచి 25 కిలోల దాకా స్మాల్. మన హూప్ నానో, మన 450 మైక్రో, పైన చెప్పిన నీళ్ల ట్యాంకు డ్రోను స్మాల్. 42వ నిబంధన ప్రకారం గుర్తింపు పొందిన విద్యాసంస్థలు పరిశోధన, పరీక్షల కోసం గ్రీన్ జోన్‌లో, తమ ఆవరణలో ఎగరేసుకోవడానికి టైప్ సర్టిఫికెట్టు, యూనిక్ గుర్తింపు నంబరు, రిమోట్ పైలట్ సర్టిఫికెట్టు, ముందస్తు అనుమతి అవసరం లేదు. మీ కాలేజీ ఏ జోన్‌లో ఉందో ప్రభుత్వ డిజిటల్ స్కై వెబ్‌సైట్ పటంలో చూసి, ఆ పేజీ ప్రింటు ల్యాబు తలుపుకు అంటించండి. ఇంకో సంగతి. 2022 ఫిబ్రవరిలో కేంద్రం విదేశీ డ్రోన్ల దిగుమతిని నిషేధించింది. పూర్తిగా బిగించినవే కాదు, విడదీసి కిట్టుగా కట్టి పంపేవి కూడా ఆ నిషేధంలో ఉన్నాయి. పరిశోధన, రక్షణ, భద్రత అవసరాలకు మినహాయింపు ఇచ్చారు. విడిభాగాలను మాత్రం స్వేచ్ఛగా తెచ్చుకోనిచ్చారు. అంటే ఈ దేశానికి ఇప్పుడు కావలసింది విడిభాగాలను ఎంచి, జతపరచి, ఎగరగలిగేలా నిలబెట్టే మనుషులు.

ఆ మనుషులకు పని కూడా మన గుమ్మంలోకే వస్తోంది. 2021 సెప్టెంబరులో వికారాబాద్‌లో డ్రోన్లతో మందులు చేరవేసే ప్రయోగం మొదలైంది. 2024 అక్టోబరులో విజయవాడ పున్నమి ఘాట్ దగ్గర కృష్ణానది మీద 5,500 డ్రోన్లు ఆకాశంలో బొమ్మలు గీశాయి. కర్నూలు జిల్లా ఓర్వకల్లులో 300 ఎకరాల్లో డ్రోన్ సిటీకి ప్రణాళిక వేశారు. రేపు అక్కడ ఇంటర్వ్యూకు కూర్చున్న మీ విద్యార్థిని, "ఈ మోటారే ఎందుకు?" అని తప్పకుండా అడుగుతారు.

కాబట్టి మీరు చేయగలిగినవి నాలుగు. ఒకటి, డ్రోన్ ప్రాజెక్టుకు ఏకమొత్తం కిట్టు ఇండెంటు తీసుకోవద్దు. భాగం భాగానికి ఎందుకన్న కారణంతో, బరువు లెక్క, కరెంటు లెక్క జతచేసిన జాబితానే తీసుకోండి. రెండు, కొటేషన్లు పోల్చే కాగితంలో ధరతోపాటు స్పెసిఫికేషన్ నిలువు వరుస ఒకటి పెట్టించండి. లెక్కకు సరిపోని చవక భాగాన్ని తిరస్కరించే అధికారం ప్రాజెక్టు గైడుకు ఇవ్వండి. కొన్ని భాగాలకు హైదరాబాదు కోఠీ గుజరాతీ గల్లీ దాకా పిల్లల్నే పంపండి, చేతిలో పట్టుకుని చూసి, బేరమాడి తెచ్చుకుంటారు. మూడు, బడ్జెట్టులో ఐదో వంతు విరిగిపోయేవాటి కోసం ముందే పక్కన పెట్టండి. డ్రోను పడకుండా ఎవరూ నేర్చుకోలేదు. నాలుగు, వైవాలో ఎగిరే వీడియోకు మార్కులు తగ్గించి, ఆ తెల్లకాగితానికి పెంచండి. లెక్క సరిగ్గా ఉండి డ్రోను పడిపోయిన బృందానికి, లెక్క తెలియకుండా ఎగరేసిన బృందం కన్నా ఒక మార్కయినా ఎక్కువ రావాలి.

ఇలా చేస్తే మొదటి ఏడాది ఫైళ్లు కాస్త ఆలస్యంగా కదులుతాయి, అకౌంట్స్ సెక్షన్ విసుక్కుంటుంది, రెండు మూడు డ్రోన్లు గడువులోగా ఎగరకపోవచ్చు. అయినా ఈ విద్యాసంవత్సరం నుంచే మొదలుపెట్టండి. వచ్చే ఇండెంటు మీ బల్ల మీదికి వచ్చినప్పుడు సంతకానికి ముందు, ఆ పిల్లల్ని పిలిచి మోటారు సంగతి మీరే అడగండి. జవాబు చెప్పగలిగితే సంతకం పెట్టండి, చెప్పలేకపోతే కాగితం తిరిగిచ్చి లెక్క చేసుకు రమ్మనండి.

ఇట్లు,
మీ పిల్లల డ్రోన్లు బాగుచేసే ఒక మెకానిక్